స్లర్రీ (ఇసుక కలిసిన నీళ్లు) పైపులో ఇసుక మరీ తొందరగా కూర్చుంటోంది, కంప్యూటర్ మోడల్‌లో ఏం చూడాలి?

ఉప్పల్_ఎంటెక్:
ఓపెన్‌ఫోమ్ (ప్రవాహాల్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్)లో డ్రిఫ్ట్ ఫ్లక్స్ సాల్వర్ (నీళ్లు, ఇసుకని ఒకే మిశ్రమంగా తీసుకుని ఇసుక దిగే వేగాన్ని విడిగా ఇచ్చే పద్ధతి), 100 మి.మీ. పైపు, నీళ్లలో 20 శాతం ఇసుక, రేణువు 0.1 మి.మీ. ఇసుక కిందికి దిగే వేగంగా స్టోక్స్ సూత్రంతో వచ్చిందే ఇచ్చా. స్క్రీన్ మీద అడుగున మేట వేసేస్తోంది, ల్యాబ్‌లో గాజు పైపులో చూస్తే అదే ఫ్లోకి ఇసుక కలిసే పోతోంది. సోమవారం గైడ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్.

పంపుల_మామ:
స్టోక్స్ లెక్క ఒంటరి రేణువుకి తమ్ముడూ. నీ ఇసుకకి సెకనుకి 9 మి.మీ. దాకా ఇస్తుంది, కానీ గుంపుగా దిగేటప్పుడు ఇసుక తోసేసిన నీళ్లు పైకి లేచి మిగతా రేణువుల్ని అడ్డుకుంటాయి కదా. 1954 నాటి రిచర్డ్‌సన్-జాకీ సూత్రంలో 0.8కి (అంటే నీళ్ల వాటాకి) 4.65 ఘాతం వేసి చూడు, 0.35 వస్తుంది. వేగం మూడో వంతే!

మెష్_పిచ్చి:
మామ చెప్పింది కరెక్టే, కానీ సగమే. సుడులు రేణువుల్ని పైకి లేపే టర్బులెంట్ డిస్పర్షన్ ఆన్‌లో ఉందా? అది లేకపోతే ఏ సూత్రం వేసినా మేటే. రేపు టూ-ఫ్లూయిడ్‌కి (నీళ్లకి, ఇసుకకి వేర్వేరు సమీకరణాలు వాడే పద్ధతి) మారి గిడాస్పో డ్రాగ్ (రేణువుల మీద నీళ్ల నిరోధాన్ని లెక్కగట్టే సూత్రం) వాడితే మాత్రం ఈ తగ్గింపు మళ్లీ వేయొద్దు, అందులో గుంపు ప్రభావం ముందే ఉంటుంది.

ఉప్పల్_ఎంటెక్:
థాంక్స్ అన్నా, రెండూ మార్చి రన్ పెట్టా. కరెంటు పోకపోతే రాత్రికి చెప్తా.