బాబు పాస్‌పోర్టు పేరు దగ్గర ఆగిపోయింది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

జగిత్యాల అమ్మ (రాత్రి 11:20)
అందరికీ నమస్కారం. పొద్దున పది గంటల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, తల పగిలిపోతోంది. బాబు పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ దగ్గర ఏం రాయాలి? మా ఆయన ఇంటిపేరు రాయాలా, ఆయన పేరు రాయాలా? ఒక వీడియోలో ఒకటి చెప్తారు, ఇంకో వీడియోలో ఇంకోటి. అసలు ఆ గడి ఖాళీగా వదిలేసినా ఫారం ముందుకు పోతోంది, కానీ భయంగా ఉంది. మొన్న పాస్‌పోర్టు సెంటర్‌కు వెళ్తే "పేరు సరి చేయించుకుని రండమ్మా" అని వెనక్కి పంపేశారు. బాబును చంకనేసుకుని రెండున్నర గంటలు బస్సులో పోయి, లైన్లో నిలబడి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. మళ్ళీ 14వ తారీఖుకు అపాయింట్‌మెంట్ దొరికింది. ఈసారి కూడా పంపేస్తే నా వల్ల కాదు. ఆయన అక్కడ గది వెతికి అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు.

కొండగట్టు (11:26)
ఏ దేశం?

నిజామాబాద్ నుంచి (11:31)
చెల్లీ, సర్‌నేమ్ గడిలో మీ ఆయన పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఏముందో అదే, అక్షరం తేడా లేకుండా దించేయండి. గివెన్ నేమ్‌లో బాబు పేరు. అంతే, ఎక్కువ ఆలోచించకండి.

తెలుగు మాస్టారు (11:48)
ఈ ప్రశ్న ఏడాదికి పదిసార్లు వస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తర్వాత. పాస్‌పోర్టులో ఉండేవి రెండు గడులు, పైన సర్‌నేమ్, కింద గివెన్ నేమ్. మనవాళ్ళు బడిలో చేర్చేటప్పుడే ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి పొడి అక్షరం చేసేస్తారు. పదో తరగతి మెమోలో "కె" అని ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, ఓటరు కార్డులో ఇంటిపేరే ఉండదు. ఇంటికి నలుగురుంటే నాలుగు రకాలు. బయటి దేశం వెళ్ళాక ఎయిర్‌పోర్టులో మన సొంత పేరు పెట్టి కాకుండా ఇంటిపేరు పెట్టి పిలుస్తారు, సగం మంది పలకరు. నా విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే: పిల్లలకు పుట్టినప్పుడే ఇంటిపేరు, పేరు రెండూ పూర్తిగా విడదీసి రాయించండి, పొడి అక్షరాలు వద్దు. ఇంటిపేరు వారసత్వం. దాన్ని ఒక చుక్కగా మార్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నిజామాబాద్ నుంచి (11:55)
మాస్టారూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఆమెకు 14వ తారీఖు అపాయింట్‌మెంట్ ఉంది.

జగిత్యాల అమ్మ (12:02)
దేశం దుబాయ్ అన్నా. చెప్పడం మర్చిపోయాను. మా ఆయన ఏసీ మెకానిక్. కంపెనీ వీసా మీద వెళ్ళి ఏడాదిన్నర అయింది. జీతం 4,200 దిర్హాములు. ఫ్యామిలీ వీసాకు ఆ జీతం సరిపోతుందని కంపెనీలో చెప్పారట. ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు రెండూ సరిగ్గానే ఉన్నాయి. నా పాస్‌పోర్టు పెళ్ళికి ముందుది, మా పుట్టింటి ఇంటిపేరుతో ఉంది. అది మార్చాలా? టెన్షన్‌గా ఉంది.

దుబాయ్ బాట (12:15)
అమ్మా, నేను 2009 నుంచి ఇక్కడే ఉన్నాను. పాస్‌పోర్టు సంగతి తర్వాత, ముందు ఇది వినండి. ఎవరైనా ఏజెంట్ "విజిట్ వీసా మీద పిలిపించుకోండి, ఇక్కడికొచ్చాక మార్చేద్దాం" అంటే నమ్మకండి. నా పక్క గదిలో ఒక కుటుంబం అలాగే వచ్చింది. విజిట్ గడువు దగ్గరపడే కొద్దీ ఆ అమ్మాయి నిద్రపోయేది కాదు. చివరికి పాపతో తిరిగి వెళ్ళిపోయింది. ఫ్యామిలీ వీసాకు 4,000 దిర్హాముల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉండాలి. దుబాయ్‌లో అద్దె ఒప్పందం ఈజారీలో, అంటే అక్కడి ప్రభుత్వ అద్దె రిజిస్టర్‌లో, నమోదు అయి ఉండాలి. మీ ఆయన గది అన్నారంటే షేరింగ్ గదా, ఆయన పేరు మీద ఒప్పందమా? పరుపుకింత అని అద్దె కట్టే గదికి ఈజారీ రాదు. అడ్వాన్స్ ఇచ్చేశారంటున్నారు కాబట్టి ఇది రేపే అడగండి. తొందరపడి డబ్బు పోగొట్టుకోకండి. ఇక్కడ ఒక్కసారి లెక్క తప్పితే సర్దుకోవడానికి ఏడాది పడుతుంది.

జగిత్యాల అమ్మ (12:21)
ఒక బెడ్‌రూమ్ ఇల్లే అన్నా, షేరింగ్ కాదు. గది అని అలవాటుగా అన్నాను. ఒప్పందం ఆయన పేరు మీదేనా అని రేపు అడుగుతాను.

పేపర్ల పని (12:40)
పెళ్ళయిన తర్వాత పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం లేదు. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మీ పేరు, పాస్‌పోర్టులో మీ పేరు ఒకేలా ఉంటే చాలు. ఆ సర్టిఫికెట్‌కు అటెస్టేషన్, అంటే అది అసలైనదేనని అధికారుల ముద్రలు వేయించడం, అయిందా?

సిరిసిల్ల అక్క (పొద్దున 6:50)
అటెస్టేషన్ కాదు, ఇప్పుడు అపోస్టిల్ అంటున్నారు. మా తమ్ముడికి అపోస్టిల్ స్టిక్కర్ వేసి ఇచ్చారు, దానితోనే పని అయిపోయింది.

పేపర్ల పని (7:15)
అక్కా, మీ తమ్ముడు ఏ దేశం వెళ్ళాడు?

సిరిసిల్ల అక్క (7:18)
ఒమన్.

పేపర్ల పని (7:30)
అదీ సంగతి. అపోస్టిల్ అంటే ఒక్క ముద్రతోనే కాగితాలను ఒప్పుకోవాలని దేశాలు చేసుకున్న హేగ్ ఒప్పందం ప్రకారం వేసేది. ఒమన్ ఆ ఒప్పందంలో ఉంది. మన దేశం 2005లో చేరింది. రెండు దేశాలూ అందులో ఉంటే అపోస్టిల్ స్టిక్కర్‌తో సరి. దుబాయ్ ఉన్న యూఏఈ అందులో లేదు. కాబట్టి వీళ్ళకు పాత పద్ధతే: ముందు మన రాష్ట్ర సచివాలయం, తర్వాత విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ లేదా కాన్సులేట్, చివరికి అక్కడి విదేశాంగ శాఖ. ఈ మధ్యలో ఏ ఒక్కటి తప్పినా తర్వాతివాళ్ళు ముట్టుకోరు. రెండు మాటలూ ఒకటే అనుకుని చాలామంది ఒకదానికి బదులు ఇంకోటి చేయించుకుంటున్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

సిరిసిల్ల అక్క (7:41)
ముద్ర ముద్రే కదా తమ్ముడూ. పేరు ఏదైతేనేం.

పేపర్ల పని (7:44)
కాదక్కా. తప్పు స్టిక్కర్ వేయిస్తే ఎంబసీ తీసుకోదు. డబ్బూ పోతుంది, నెల రోజులూ పోతాయి.

దుబాయ్ బాట (7:58)
ఆయన చెప్పింది కరెక్ట్. ఇంకో మాట. 2022 నవంబరు నుంచి ఇక్కడ ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాకు ఇబ్బంది పెడుతున్నారు. మీది ఫ్యామిలీ వీసానే, అయినా పసివాడికి సర్‌నేమ్ గడి ఖాళీగా వదలకండి. రేపు ఎప్పుడైనా వేరే వీసా మీద రావాల్సి వస్తే ఆ ఖాళీ గడే గొడవ పెడుతుంది.

మెట్‌పల్లి (8:20)
వాళ్ళ ఆయన పాస్‌పోర్టు ఈసీఆరా, అంటే పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ వలస అనుమతి కావాల్సిన రకమా? ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉందా? 10 లక్షల ప్రమాద బీమా. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పైన పన్ను. దీని గురించి ఎవరూ అడగరు. మా బావ పోయిన తర్వాత ఆ కాగితం కోసం ఇల్లంతా వెతికాం. గడువు దాటి నాలుగు నెలలైంది. రెన్యూ చేసుకోమని చెప్పినవాళ్ళు లేరు. దయచేసి మీ ఆయనది ఎప్పటివరకు ఉందో చూడండి చెల్లీ.

జగిత్యాల అమ్మ (8:35)
అయ్యో అన్నా. తప్పకుండా చూస్తాను. ఆయన ఐటీఐ చదివారు, ఈసీఎన్ఆరే, ఆ అనుమతి అక్కర్లేదు. అయినా అడుగుతాను.

కొండగట్టు (8:37)
బర్త్ సర్టిఫికెట్‌లో బాబు పేరు గడిలో ఏముంది?

జగిత్యాల అమ్మ (8:52)
అది ఖాళీగా ఉంది. బాబు పుట్టిన వారానికే మా మామయ్య వెళ్ళి తెచ్చారు. అప్పటికి తొట్టెల కాలేదు కదా, ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాం. తల్లి పేరు, తండ్రి పేరు, తారీఖు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆధార్‌లో బాబు పేరు ఉంది.

కొండగట్టు (8:54)
అదే మీ సమస్య. సర్‌నేమ్ కాదు.

నిజామాబాద్ నుంచి (9:05)
ముందే అడగాల్సింది, నేనూ సర్‌నేమ్ దగ్గరే ఆగిపోయాను. చెల్లీ, సెంటర్‌లో వాళ్ళు "పేరు సరి చేయించుకుని రండి" అన్నది ఇదే అయి ఉంటుంది. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఎక్కించుకుని రమ్మన్నారు.

సిరిసిల్ల అక్క (9:12)
ఆధార్ ఉంది కదా, అది చూపిస్తే సరిపోతుంది. మా పెద్దదానికి అలాగే అయింది.

పేపర్ల పని (9:20)
మీ పెద్దమ్మాయి ఎప్పుడు పుట్టిందో కానీ అక్కా, 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే రుజువు. ఆధార్ చెల్లదు. బాబు ఎప్పుడు పుట్టాడమ్మా?

జగిత్యాల అమ్మ (9:26)
ఈ నెలాఖరుకు ఏడాది నిండుతుంది.

పేపర్ల పని (9:41)
అయితే ఈ రోజే కదలండి. జననం రిజిస్టరైన తేదీ నుంచి 12 నెలల లోపు పేరు ఎక్కించుకుంటే ఫీజు లేదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ వరకు లేట్ ఫీజుతో ఎక్కిస్తారు, కాబట్టి భయపడకండి. కానీ అప్పుడు ఇంకో రెండు సంతకాలు, ఇంకో నాలుగు తిరుగుళ్ళు. మున్సిపాలిటీలో గానీ మీసేవలో గానీ "చైల్డ్ నేమ్ ఇన్‌క్లూజన్" అని అడగండి. తల్లిదండ్రుల ఆధార్ కార్డులు, పాత సర్టిఫికెట్ తీసుకెళ్ళండి. అక్కడ పేరు రాసేటప్పుడు ఒకటికి నాలుగుసార్లు చూసుకోండి. ఇంటిపేరు పూర్తిగా, తర్వాత బాబు పేరు, ఇంగ్లీషు అక్షరాలు మీ ఆయన పాస్‌పోర్టులో ఎలా ఉన్నాయో అలా. తండ్రి పేరు గడిలో పొడి అక్షరం ఉందా, పూర్తి పేరు ఉందా?

జగిత్యాల అమ్మ (9:50)
పొడి అక్షరమే ఉంది.

పేపర్ల పని (9:53)
అయితే అదీ ఇప్పుడే సరి చేయించండి. ఇప్పుడు వదిలేస్తే పాస్‌పోర్టు వచ్చేస్తుంది, అటెస్టేషన్ కూడా అయిపోతుంది, తీరా అక్కడ అరబిక్‌లోకి తర్జుమా చేయించి పెట్టాక తండ్రి పేరు కలవడం లేదని ఆపుతారు. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి మొదలు.

తెలుగు మాస్టారు (10:10)
నేను పొడి అక్షరాల గురించి రాసింది ఇందుకే.

కొండగట్టు (10:12)
మ్యారేజ్ సర్టిఫికెట్ లామినేషన్ చేయించారా?

జగిత్యాల అమ్మ (10:30)
అవునన్నా. వానకు తడవకుండా ఉంటుందని మామయ్య అదీ బర్త్ సర్టిఫికెట్టూ రెండూ జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి బీరువాలో పెట్టారు. అది కూడా తప్పేనా? ఇప్పుడే తీసి చూశాను, ప్లాస్టిక్ అంచు కాస్త లేపితే కాగితం పైపొర కూడా దాంతో పాటు లేచి వస్తోంది.

కొండగట్టు (10:32)
లాగకండి. వదిలేయండి.

పేపర్ల పని (10:45)
లామినేషన్ చేసిన కాగితం వెనకాల ముద్ర వేయలేరు, అందుకే అటెస్టేషన్‌కు తీసుకోరు. పెళ్ళి రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇంకో సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. బర్త్ సర్టిఫికెట్ ఎలాగూ పేరు ఎక్కాక కొత్తది వస్తుంది, దాన్ని మాత్రం లామినేషన్ చేయించకండి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. మామయ్యగారిని ఏమీ అనకండి. ఆయన జాగ్రత్త కోసం చేశారు, మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

మెట్‌పల్లి (11:05)
14వ తారీఖు లోపు సర్టిఫికెట్ రాకపోతే అపాయింట్‌మెంట్ తర్వాతి తేదీకి మార్చుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనే. రాకుండానే వెళ్ళి మళ్ళీ తిరిగి రావద్దు. ఫారంతో పాటు ఇచ్చే ఒప్పుకోలు కాగితం మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలు కావాలి, దాన్ని అనెక్షర్ డి అంటారు. మీ ఆయన సంతకం ఎలా?

జగిత్యాల అమ్మ (11:15)
దసరాకు వచ్చినప్పుడు పెట్టించి ఉంచాను అన్నా. ఫోటో కూడా రెడీగా ఉంది. దానికి స్టూడియోకు మూడుసార్లు తిరిగాం. వెనకాల తెల్ల టవల్ పట్టుకుని మా అత్తమ్మ నిలబడితే వాడు ఆమె చేతికేసే చూస్తాడు. చివరికి షాపతను తాళంచెవుల గుత్తి ఆడిస్తే ఒక్క క్షణం నేరుగా చూశాడు.

దుబాయ్ బాట (11:40)
ఎంట్రీ పర్మిట్ వచ్చి ఇక్కడ దిగాక 60 రోజుల్లో మీకు మెడికల్, ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు) పూర్తి చేసుకోవాలి. బాబుకు మెడికల్ ఉండదు. టికెట్ ముందే కొనకండి. మండే నెలల్లో పసివాడితో దిగకపోతే మంచిది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయట అడుగు పెట్టలేం. ఏసీ పని వాళ్ళకు అప్పుడే డ్యూటీ ఎక్కువ, మీ ఆయన ఇంట్లో ఉండడు. కొత్త చోట మీరొక్కరే పిల్లాడితో ఇబ్బంది పడతారు. నా మాట మీకు నచ్చకపోవచ్చు, కానీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

సిరిసిల్ల అక్క (11:52)
ఎండాకాలమైనా సరే, భర్త దగ్గర ఉండటం మేలు. మేం పదకొండేళ్ళు ఫోన్‌లోనే సంసారం చేశాం. వీలైతే వెంటనే వెళ్ళు చెల్లీ.

దుబాయ్ బాట (12:05)
అక్కా, నేను వద్దనలేదు. ఏ నెలలో అనేదే చెప్పాను.

తెలుగు మాస్టారు (12:30)
పేరు ఎక్కించే ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. 'వి' అక్షరానికి రెండు రకాలు రాస్తారు మనవాళ్ళు.

(తొమ్మిది రోజుల తర్వాత)

జగిత్యాల అమ్మ (సాయంత్రం 5:10)
బాబు పేరు ఎక్కింది, వాళ్ళ నాన్న పేరు కూడా పూర్తిగా వచ్చింది. అపాయింట్‌మెంట్ 23కు మార్చుకున్నాను. ఇంటి ఒప్పందం ఆయన పేరు మీదే ఉందట. మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీకి సోమవారం రమ్మన్నారు. కొండగట్టు అన్నకు, పేపర్ల పని అన్నకు, అందరికీ థాంక్స్. బాబు లేచాడు, ఉంటాను.

కొండగట్టు (5:14)
సరే.

రాయికల్ కొత్త (రాత్రి 9:40)
మాది కువైట్. పాపకు పేరు ఉంది కానీ మా ఆయన ఇంటిపేరు బర్త్ సర్టిఫికెట్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంది. ఇదే పద్ధతేనా? ఎవరైనా చెప్పగలరా?