సమస్యాపూరణం: ‘మచ్చ పడిన మోమె మంగళంబు’

ఈ వారం సమస్య ఆటవెలది పద్యం చివరి పాదం, పై మూడు పాదాలూ పాఠకులు కట్టి పంపాలి:

మచ్చ పడిన మోమె మంగళంబు

కొత్తవారి కోసం: మచ్చ గలం (గురువు, లఘువు; అంటే ఒక బరువైన అక్షరం, ఒక తేలిక అక్షరం), పడిన నగణం (మూడు లఘువులు), ఆపైన మోమె, మంగ, ళంబు మూడూ గలాలే. ఈ రెండు రకాలనే సూర్యగణాలంటారు. సరిపాదాల్లో (2, 4) అయిదూ ఇవే, బేసిపాదాల్లో (1, 3) మూడు ఇవి, చివరి రెండూ వీటికంటే పెద్దవైన ఇంద్రగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన, ఇక్కడ మ–మం. పెళ్లికూతురి ముస్తాబు చుట్టూనే పూరించాలని ముందే చెప్పాను. అయినా సగం మంది చంద్రుడిలో మచ్చను తెచ్చారు. చందమామ ఎప్పుడూ దొరుకుతాడు, పెళ్లి పీటల దగ్గరికి రండి అని వాటిని పక్కన పెట్టాను.

తెనాలి మాస్టారి పూరణ:

అమ్మ కాటుకద్ది హాయిగ నవ్వంగ
బుగ్గ మీద నిలిచె ముద్దు చుక్క
కన్ను పడదు నీకుఁ గల్యాణ వేళలో
మచ్చ పడిన మోమె మంగళంబు

బుగ్గచుక్క అనగానే సమస్య విడిపోయింది. ‘బు’కి ‘ము’తో యతి ఎలా కుదిరిందని ఒకరు అడిగారు. పు, ఫు, బు, భులకు ‘ము’తో చెల్లుతుంది, దోషం లేదు. నా అభ్యంతరం ‘హాయిగ’ మీద. అది యతి కోసం వచ్చి కూర్చున్న మాట. కూతుర్ని పంపించే రోజున ఏ తల్లి అంత హాయిగా నవ్వుతుంది మాస్టారూ? ‘అమ్మ కాటుకద్ది యద్దంబు చూపంగ’ అని చూడండి. కాటుక వేలితోనే అద్దం పట్టుకున్న అమ్మ కనిపిస్తుంది.

“పెళ్లిలో నలుపు చూపించవచ్చా?” అని ఇంకొకరి సందేహం. నల్లపూసలు ఏ రంగండీ? కొత్తబట్ట కొసకు పసుపు మరక పెట్టి గాని కట్టుకోని వాళ్లం, మచ్చకు భయపడతామా? ఈ చుక్క పెళ్లికొడుక్కీ పెడతారు.

రాజమండ్రి అక్కయ్యగారు తలంబ్రాల దగ్గరికి వెళ్లారు:

వరుడు దోసిలెత్తి వంచిన బియ్యంబు
జారి పసుపు పొడుము చంప నంటె
తుడువ వద్దు పిల్ల! తొందర పడబోకు
మచ్చ పడిన మోమె మంగళంబు

మూడో పాదం పక్కన ముత్తైదువ కూర్చుని అన్నట్టే ఉంది. చంప అంటే చెంపే. రెండో పాదంలో చిన్న చిక్కు. జారేది బియ్యం, అంటేది పసుపు. ‘జారి’ అంటే రెండు పనులకూ కర్త ఒకటే ఉండాలి. ‘జారఁ బసుపు పొడుము’ అంటే సరిపోతుంది, గణమూ చెడదు. అక్కయ్యగారు వెంటనే ఒప్పుకున్నారు.

ఒక కుర్రాడు రెండో పాదంలో ‘మెడను వెలసె మంగళసూత్రము’ అని రాశాడు. బాబూ, మంగ తర్వాత ‘ళసూ’ లఘువు, గురువు. అది సూర్యగణం కాదు. ఆ మాట సరిపాదాల్లో ఎటు తిప్పినా ఇమడదు. బేసిపాదం చివర ఇంద్రగణాల్లో పెట్టుకో: ‘మగువ మెడకుఁ జేరె మంగళ సూత్రమ్ము’. మిగతా పాదాలు నువ్వే కట్టు.

నాకు బాగా నచ్చింది కడప నుంచి ఒక పెద్దావిడ పంపింది. ఆవిడ మనవరాలి పెళ్లిలో మేకప్ చేసే అమ్మాయి బుగ్గచుక్కను మరకనుకుని టిష్యూతో తుడిచేసిందట. అప్పటికే బుట్టలో కూర్చోబెట్టడానికి మేనమామ సిద్ధం, పిల్ల చేతిలో కొబ్బరిబొండాం, అందరికీ టెన్షన్. కాటుక భరిణె ఏ సంచిలో ఉందో ఎవరికీ తెలియదు. చివరికి ఆ మేకప్ పెట్టెలోని ఐబ్రో పెన్సిల్‌తోనే దిద్దారు.

మేకపామె వచ్చి మెత్తగాఁ దుడువఁగ
నవ్వ మరల దిద్దె నలిగి లేచి
చుక్క లేని బుగ్గ చూడంగ వెలవెల
మచ్చ పడిన మోమె మంగళంబు

‘నలిగి’ అంటే నలిగిపోయి అనుకోకండి, దిద్దెన్ + అలిగి. రెండో పాదం మొదట్లోనూ అంతే, దుడువఁగన్ + అవ్వ. అక్కడ యతి అచ్చులకు (అవ్వ–అలిగి) కుదిరింది. అవ్వ అంటే ఇక్కడ పెళ్లికూతురి అమ్మమ్మో నాయనమ్మో. ‘మేకపామె’లో మేకా, పామూ రెండూ దూరాయని మాస్టారు నవ్వారు. కరీంనగర్ మిత్రుడు మాత్రం, “మా దిక్కు అవ్వంటే అమ్మ. తల్లే అలిగి లేచి దిద్దిందనుకున్న” అన్నాడు. కడప పెద్దావిడ జవాబు: “ఆ పొద్దు అమ్మకి అలిగే తీరిక యాడుంది నాయనా, అలిగింది నేనే.”