పాత సామాను అమ్మితే సైటుకు 15 శాతం కమీషన్ న్యాయమేనా?

పటమట:
నాలుగేళ్లు వాడిన కెమెరా లెన్సు ఒకటి పోయిన నెల ఆన్‌లైన్‌లో అమ్మాను. ధర 14,000. సైటు పేరు వద్దు, నా ప్రశ్న ఆ ఒక్క సైటు గురించి కాదు. కమీషన్ 15 శాతం అని ముందే రాసి ఉంది, చూసే పెట్టాను. అకౌంటులో పడింది మాత్రం 11,272. అడిగితే లెక్క పంపారు: కమీషన్ 2,100, దాని మీద 18 శాతం జీఎస్టీ 378, కొరియర్ 250. అంటే నూటికి 15 అనుకున్నది 19 దాటింది.

వస్తువు నాది, ఫొటోలు తీసింది నేను, ప్యాకింగ్ చేసింది నేను. ఇంకా కెమెరా బాడీ, ట్రైపాడ్, మా అబ్బాయి నీట్ పుస్తకాలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. వీటిని కమీషన్ సైటులో పెట్టాలా, ఏమీ తీసుకోని చోట పెట్టాలా? అసలు అమ్మేవాడి దగ్గర ఇంత తీసుకోవడం న్యాయమేనా?

ఆటోనగర్:
న్యాయం కాదండి. మా దగ్గర పాత బండిని అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో పెడితే వాళ్లూ కమీషన్ తీసుకుంటారు. కానీ ఆ మనిషి బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టిస్తాడు, ఫైనాన్స్ బాకీ ఉంటే క్లియర్ చేయిస్తాడు, ఆర్సీలో పేరు మారేదాకా ఫోన్ ఎత్తుతాడు. రేపు ఏదైనా తేడా వస్తే వెళ్లి నిలబడి అడగడానికి షాపు ఉంటుంది. సైటు వాళ్లను ఎక్కడికెళ్లి అడుగుతాం?

ఇంకో మాట. 1,400 వస్తువైనా 14,000 వస్తువైనా సైటు చేసే పని ఒక్కటే. మరి కమీషన్ పది రెట్లు ఎందుకు? బండికి ఇంత అని మాట్లాడుకున్నట్టు, వస్తువుకు ఇంత అని ఒకే రేటు పెట్టమనండి.

బ్రాడీపేట 4వ లైను:
ఆటోనగర్ అన్నా, ఉచితం చోట ఏం జరుగుతుందో నేను చెప్తాను. మా అమ్మ వాషింగ్ మెషీన్‌ను 6,000కి ఒక ఉచిత యాప్‌లో పెట్టాను. మూడు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. "లాస్ట్ ఎంత?" అని అడిగేవాళ్లే తప్ప వచ్చి చూసినవాళ్లు లేరు. నాలుగో రోజు ఒకాయన బేరం కూడా ఆడకుండా ఒప్పుకున్నాడు. అడ్వాన్స్ పంపుతున్నానని క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. నేను ఆఫీసులో ఉన్నాను, ఫోన్ అమ్మ దగ్గర ఉంది. ఆమె పిన్ కొట్టబోతుంటే పక్కింటి అబ్బాయి చూసి ఆపాడు. ఆ టెన్షన్ నుంచి అమ్మ తేరుకోవడానికి వారం పట్టింది.

ఇది చదివే ప్రతి ఒక్కరినీ బతిమాలి చెప్తున్నాను: మనకు డబ్బు రావాలంటే యూపీఐ పిన్ కొట్టే పనే లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. ఒకవేళ పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది. నా మటుకు నాకు, డబ్బు మధ్యలో పట్టుకుని వస్తువు చేరాక ఇచ్చే సైటుంటే 15 శాతం ఇచ్చి నిద్రపోతాను.

లెనిన్ సెంటర్:
పాత పుస్తకాలు కొని అమ్మడమే నా బతుకు. కొట్లోనూ అమ్ముతాను, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతాను. కాబట్టి ఈ కమీషన్ నొప్పి నాకు రోజూ తెలుసు.

పటమట గారూ, ముందు ఒక్క విషయం చెప్పండి. ఆ లెన్సుకు మన ఊళ్లో ఎంత ఇస్తామన్నారు? ఎంత కోశారన్నది తర్వాత, చేతికి ఎక్కడ ఎక్కువ వచ్చిందన్నది ముందు చూడాలి. అలాంటి లెన్సు వెతికేవాళ్లు బెజవాడ, గుంటూరు కలిపినా చాలా తక్కువమంది ఉంటారు. ఏ పుణెలోనో కొచ్చిలోనో ఉన్న మనిషిని మీ దగ్గరికి తెచ్చింది ఆ సైటు. ఆ 2,100 పేజీ చూపించినందుకు కాదు, ఆ మనిషి దొరికినందుకు.

ట్రైపాడ్ అలా కాదు. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె కొలత కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు, ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 70, 15, 15 పెట్టె అంటే మూడు కిలోలు దాటింది, లోపలి ట్రైపాడ్ కిలోన్నరే అయినా సరే. వెయ్యి రూపాయల వస్తువుకు అది గిట్టదు. బెంజ్ సర్కిల్ దగ్గర చేతికి చేయి మార్చుకునే బేరం అది.

పుస్తకాలకైతే కమీషన్ కంటే తపాలా ఖర్చే పెద్దది. 2025 మే 1న తపాలా శాఖ పుస్తకాలు చవగ్గా పంపే జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. పుస్తకం మీద ముద్రించినవారి పేరో ప్రచురించినవారి పేరో ఉండాలి. కోచింగ్ సెంటర్ల జిరాక్సు మెటీరియల్‌కు ఆ దారి లేదు. పైగా నీట్ సిలబస్‌ను 2024 పరీక్షకు తగ్గించారు, అంతకు ముందువి అడిగేవాళ్లు తగ్గారు. మీవి ఏ సంవత్సరానివో చూసుకుని కాలేజీలు తెరిచే ముందు మా సెంటర్‌కు తీసుకురండి. ఆన్‌లైన్ వద్దు.

ఆటోనగర్ గారూ, శాతం ఎందుకన్నారు. వస్తువు దారిలో పగిలినా, కొన్నవాడు తిరిగి పంపినా సైటు మోసే నష్టం ధరను బట్టే ఉంటుంది కదా. ఒకే రేటు పెడితే మునిగేది చిన్నవాళ్లం. వస్తువుకు 50 అంటే 14,000 లెన్సుకు లెక్కలో కనపడదు, నా 120 రూపాయల నవలకు దాదాపు సగం పోతుంది.

అమ్మేవాడి దగ్గర తీసుకోకపోతే ఎవరి దగ్గర తీసుకుంటారో కూడా చూడండి. బ్రిటన్‌లో ఈబే అనే అమ్మకాల సైటు 2024 అక్టోబరులో ఇళ్లలోంచి అమ్ముకునేవాళ్లకు ఫీజు ఎత్తేసింది. 2025 ఫిబ్రవరిలో కొనేవాళ్ల మీద బయ్యర్ ప్రొటెక్షన్ ఫీజు పెట్టింది. అమెరికాలో మెర్కారి అనే అలాంటి సైటే 2024 మార్చిలో అమ్మేవాళ్ల ఫీజు తీసేసి, 2025 జనవరిలో 10 శాతం మళ్లీ తెచ్చింది. మన దేశంలో ఈబే 2004లో బాజీ అనే సైటును కొని వచ్చింది, 2018 ఆగస్టు 14న మూతపడింది. అక్కడ పైసాపే అని డబ్బు మధ్యలో ఉంచే పద్ధతి ఉండేది. అది పోయాక పాత వస్తువులకు అంత నమ్మకమైన చోటు నాకు దొరకలేదు.

నా కోపమల్లా ఒకదాని మీదే. అమ్మకానికి పెట్టేముందే, "ఇంతకు అమ్మితే మీ చేతికి ఇంత" అని అన్నీ కోశాక మిగిలే అంకె చూపించాలి. జీఎస్టీని విడిగా దాచడం తప్పు.

ఆటోనగర్:
శాతం విషయం ఒప్పుకుంటాను, మీ 120 రూపాయల నవల సంగతి నాకు తట్టలేదు. కానీ నష్టం మోస్తామంటే నిజంగా మోయాలి. మా తమ్ముడి మిక్సీ జార్ దారిలో పగిలితే ప్యాకింగ్ బాగోలేదని తోసేశారు. కమీషన్ మాత్రం తీసుకున్నారు. అలాంటి చోట 15 శాతాన్ని నేను ఎప్పటికీ ఒప్పుకోను.

జీఎస్టీ గురించి నాకో డౌటు. ఇంట్లో వాడినవి అమ్మితే మనమూ కట్టాలా?

లెనిన్ సెంటర్:
ఇంట్లో వాడుకున్నది అమ్ముకుంటే వ్యాపారం కాదు, దాని మీద కట్టక్కర్లేదు. పటమట గారికి కోసిన 378 సైటు సేవ మీద పన్ను. పాతవి కొని అమ్మే రిజిస్టర్డ్ వ్యాపారికి జీఎస్టీ రూల్ 32(5) ఉంది. కొనేటప్పుడు కట్టిన పన్ను వెనక్కి తీసుకోకపోతే, మొత్తం ధర మీద కాకుండా కొన్నదానికీ అమ్మినదానికీ ఉన్న తేడా మీదే పన్ను.

మీ తమ్ముడి విషయంలో మీరన్నదే సరి. పగిలితే ఇవ్వని సైటుకు ఆ కమీషన్ అడిగే హక్కు లేదు.

పటమట:
అడిగారు కాబట్టి చెప్తున్నాను, గవర్నర్‌పేటలో ఆ లెన్సుకు 8,500 ఇస్తామన్నారు. ఇది ముందే రాయాల్సింది. అలా చూస్తే 2,772 ఎక్కువే వచ్చింది, ఒప్పుకోవాలి. జీఎస్టీ చెప్పకపోవడం మీద మాత్రం వాళ్లకు రాశాను, జవాబు వస్తే ఇక్కడ పెడతాను.

బాడీని అదే సైటులో పెడుతున్నాను, ఈసారి మిగిలే అంకె ముందే వేసుకుని ధర 22,000 అనుకుంటున్నాను. పుస్తకాలు 2023వి, రెండు పెట్టెలూ ఆదివారం లెనిన్ సెంటర్‌కు తెస్తాను. ట్రైపాడ్ 900, పటమటలో మా ఇంటి దగ్గరే చూసి తీసుకోవచ్చు. డబ్బు చేతికిచ్చినా సరే, నా ఎదురుగా పంపినా సరే.