టమాటా వాడు తెగులుకు వేప, వెల్లుల్లి కషాయాలు సరిపోతాయా?

కౌలు రైతు, హోసకోటె:
నమస్కారమండీ. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ హోసకోటె దగ్గర అర ఎకరం కౌలుకు తీసుకుని టమాటా వేశాను. పూత మీదున్న మొక్కలు ఆకు పసుపైనా తిరగకుండానే మధ్యాహ్నానికి వాలిపోయి, సాయంత్రం తేరుకుని, మూడు నాలుగు రోజుల్లో నిలువునా ఎండుతున్నాయి. ఇది బాక్టీరియా తెగులని, స్ట్రెప్టోసైక్లిన్ కొట్టమని మందుల దుకాణంలో చెప్పారు గానీ, మనుషుల వైద్యానికి వాడే యాంటీబయాటిక్‌ను పిల్లలు తినే పంటపై చల్లడానికి నాకు మనసొప్పడం లేదు. వేపగింజల కషాయం, కాచిన వెల్లుల్లి రసం దీనికి పనిచేస్తాయా?

వృక్షరోగ శాస్త్ర విద్యార్థిని, హెబ్బాళ:
ముందుగా వాడిన మొక్క కాండాన్ని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసులోని తేట నీటిలో కోసిన కొస మాత్రమే మునిగేలా కదపకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో పాలదారంలాంటి చార కిందికి జారితే అది రాల్‌స్టోనియా అనే బాక్టీరియా. అదే అయితే ఆకులపై ఏ కషాయం కొట్టినా లాభం లేదండీ. అది నేలలో ఉండి, వేరు గాయాల గుండా లోపలికి చొరబడి, నీరు మోసే నాళాలను జిగురుతో పూడుస్తుంది. ఆకు మీద పడిన రసం అక్కడిదాకా చేరదు. ప్రయోగశాలలో బాక్టీరియాను పెంచే అగార్ పళ్లెంలో వెల్లుల్లి రసం వేసిన చోట బాక్టీరియా పెరగని వలయాన్ని నేను కళ్లారా చూశాను. అయితే ఆ పళ్లెంలో రసానికీ బాక్టీరియాకూ మధ్య బెరడు లేదు, మట్టి లేదు. స్ట్రెప్టోసైక్లిన్ విషయంలో మీ సంకోచం సరైనదే. సాగులో దాని వాడకాన్ని ఆపేందుకు కేంద్రం 2021 డిసెంబరులోనే ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది.

టమాటా రైతు, చిక్కబళ్ళాపుర:
ఒక్క మాట కలుపుతాను. ఆకుమచ్చలాంటి పైతెగుళ్లకు, అదీ తొలిదశలో, వెల్లుల్లి ప్రయత్నించదలిస్తే దాన్ని కాచకండి. రెబ్బ నలిగినప్పుడే సూక్ష్మజీవులను అణిచే అల్లిసిన్ అనే పదార్థం పుడుతుంది, దాన్ని పుట్టించే ఎంజైము వేడికి చెడిపోతుంది. పచ్చిగా దంచి, పది నిమిషాలు ఆగి, చన్నీళ్లలో కలిపి వడగట్టి, ఎండ తగ్గాక ఆ రోజే కొట్టేయాలి. ముందు నాలుగు మొక్కల మీద చూసుకోండి, రసం చిక్కగా ఉంటే లేత ఆకు మాడుతుంది.

మీ చేను సంగతికొస్తే, వాడిన మొక్కలను వేరుమట్టితో సహా సంచిలోకి తీసి బయటకు చేర్చండి, ఆ సాలు నీరు పక్క సాళ్లకు పారనివ్వకండి. వచ్చే పంటగా వంగ, మిరప, బంగాళాదుంప వద్దు, రాగి గానీ మొక్కజొన్న గానీ వేయండి. మళ్లీ టమాటా వేసేటప్పుడు ఈ తెగులును తట్టుకునే వంగ మొదలుపై అంటుకట్టిన నారు తెచ్చుకోండి, లేదా హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారి తెగులు తట్టుకునే టమాటా రకం అర్క రక్షక్ వేయండి.

కౌలు రైతు, హోసకోటె:
పొద్దున గ్లాసు పరీక్ష చేశానండీ, ఐదు నిమిషాలు కాకముందే తెల్లని చార అడుగుదాకా జారింది. కషాయం ఆలోచన మానుకుని, పదకొండు మొక్కలు పీకించి, ఆ రెండు సాళ్లకు నీరు ఆపేశాను.