డెంటన్‌లో ట్రక్కు గుద్దిన స్టూడెంట్: లాయర్‌ని పెట్టుకునేలోపు ఏం చూసుకోవాలి?

కృష్ణాతీరం

నమస్తే అండి. మా పిన్ని కొడుకు టెక్సస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చదువుతున్నాడు, రెండో సెమిస్టర్. ఆరు రోజుల క్రితం ఫ్రెండ్ కారులో వెనక సీట్లో కూర్చుని వెళ్తుంటే, ఐ-35ఈ పక్క సర్వీస్ రోడ్డు మీద లేన్ మారుతున్న సెమీ ట్రక్కు (వెనక ట్రైలర్ లాగే పెద్ద లారీ) పక్కనుంచి గుద్దింది. కాలర్‌బోన్ విరిగి సర్జరీ అయింది. కారు నడిపిన అబ్బాయికి చిన్న దెబ్బలే.

ట్రక్కు కంపెనీ ఇన్సూరెన్స్ అడ్జస్టర్ (క్లెయిమ్ తేల్చే వాళ్ల ఉద్యోగి) రోజూ ఫోన్ చేసి రికార్డెడ్ స్టేట్‌మెంట్ అడుగుతున్నారు, ఖర్చులకి 5,000 డాలర్ల చెక్కు పంపుతామంటున్నారు. లాయర్ ఆఫీసు నుంచి అంటూ తెలియనివాళ్లు కూడా చేస్తున్నారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు క్లెయిమ్ వేస్తే వీసాకి ఇబ్బందా? తప్పు ఫ్రెండ్ మీదికి పోతుందేమోనని వీడు అసలు క్లెయిమే వద్దంటున్నాడు. సెమిస్టర్ సంగతి కూడా అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు చెప్పగలరు.

ట్రక్కు క్లెయిమ్స్

ముందు భయం తీసేస్తాను. ఎఫ్-1 మీద ఉన్నా నష్టపరిహారం అడిగే హక్కు అందరికీ ఉన్నట్టే మీవాడికీ ఉంది. క్లెయిమ్ వేసినందుకు వీసా స్టేటస్ పోదు. టెక్సస్‌లో దావా వెయ్యడానికి యాక్సిడెంట్ రోజు నుంచి 2 ఏళ్ల గడువు. కానీ రెండేళ్లున్నాయి కదా అని ఆగితే నష్టపోతారు. ట్రక్కు కేసులో అసలు సాక్ష్యమంతా కంపెనీ దగ్గరే ఉంటుంది, దాన్ని వాళ్లు ఎంతకాలం దాచి ఉంచాలన్నది రూల్స్‌లో రాసి ఉంది, ఆ కాలం చాలా తక్కువ.

డ్రైవర్ ఎన్ని గంటలు నడిపాడో చెప్పే ఈఎల్‌డీ లాగ్ (ట్రక్కులోని ఎలక్ట్రానిక్ పరికరం రికార్డు) 6 నెలలు దాచి ఉంచితే చాలు. డ్రైవర్ రాసిన బండి లోపాల రిపోర్టు 3 నెలలే. ఇంజిన్ కంప్యూటర్‌లో వేగం, బ్రేకు తొక్కిన క్షణం నమోదవుతాయి. అయితే చాలా ఇంజిన్లలో ‘చివరిసారి ఆగిన’ రికార్డు ఒక్కటే నిలుస్తుంది. బండి బాగుచేయించి రోడ్డెక్కించారా, అది ఇంకోచోట ఆగగానే పాతది చెరిగిపోతుంది. అందుకే లాయర్ మొదట చెయ్యాల్సిన పని ప్రిజర్వేషన్ లెటర్, అంటే సాక్ష్యాలు పోకుండా ఉంచమనే ఉత్తరం పంపడం. ట్రాక్టర్నీ (ఇంజిన్ ఉన్న ముందు భాగం) ట్రైలర్నీ రిపేరు చెయ్యొద్దు, అమ్మొద్దు. ఇంజిన్ డేటా, ఈఎల్‌డీ అసలు ఫైలు, డ్యాష్‌కామ్ వీడియో, డీజిల్ రసీదులు, టోల్ రికార్డు, సరుకు కాగితాలు, డ్రైవర్‌కి డిస్పాచ్ (బండ్లని పంపే కంపెనీ ఆఫీసు) పంపిన మెసేజ్‌లు అన్నీ భద్రపరచాలి అని పేరుపేరునా రాయాలి. ‘సంబంధిత రికార్డులన్నీ’ అని ఒక్క ముక్కలో సరిపెడితే తర్వాత తప్పించుకుంటారు. సర్టిఫైడ్ మెయిల్‌లో కంపెనీకీ, దాని ఇన్సూరెన్స్‌కీ పంపాలి.

డీజిల్ రసీదు ఎందుకంటే, రాష్ట్రాల మధ్య తిరిగే ట్రక్కు డ్రైవర్ 10 గంటల విశ్రాంతి తర్వాత 14 గంటల వ్యవధిలో 11 గంటలే నడపాలి. లాగ్‌లో నిద్రపోతున్నట్టు ఉన్న టైముకి వేరే ఊళ్లో డీజిల్ కొట్టించిన రసీదు దొరికితే కేసు బలం మారిపోతుంది.

ఫొటోలుంటే ట్రక్కు తలుపు చూడండి. కంపెనీ పేరు, యూఎస్‌డాట్ నంబరు (ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చేది) 50 అడుగుల దూరం నుంచి కనపడేలా రాసి ఉండాలి. ఆ నంబరు ఫెడరల్ సేఫర్ వెబ్‌సైట్‌లో కొడితే కంపెనీ ఎవరిదో, ఎన్ని బండ్లున్నాయో వస్తుంది. రాష్ట్రాల మధ్య మామూలు సరుకు కిరాయికి మోసే పెద్ద ట్రక్కుకి కనీసం 7,50,000 డాలర్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి. యూనివర్సిటీ ఊళ్లలో ఎప్పుడూ ఏదో ఒక కట్టడం నడుస్తుంటుంది కాబట్టి మట్టి, కంకర బండ్లు కూడా ఎక్కువే. అలాంటిది టెక్సస్ లోపలే తిరిగే బండైతే కనీసం 5,00,000, పైగా గంటల రూలు కూడా వేరు: 8 గంటల విశ్రాంతికి 12 గంటల డ్రైవింగ్.

పోలీసు రిపోర్టు, అంటే సీఆర్-3, టెక్సస్ రవాణా శాఖ సైట్‌లో 6 డాలర్లకి దొరుకుతుంది. అందులో పేరు, సీటు, బెల్టు వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. దారిలో పెట్రోల్ బంకులు, షాపులు ఉంటే ఈ వారమే వెళ్లి కెమెరా వీడియో చెరిగిపోకుండా దాచి ఉంచమని అడగండి. వాటిలో పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది, ఒక్కోచోట కొన్ని రోజులకే.

డాలస్ లీగల్ డెస్క్

పైన చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను.

ట్రక్కువాళ్ల అడ్జస్టర్‌కి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన బాధ్యత మీవాడికి లేదు. ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగితే మనవాళ్లు మర్యాదకి ‘పర్వాలేదండీ, బాగానే ఉంది’ అంటారు. అదే ముక్క తర్వాత కాగితం మీదికెక్కుతుంది. పేరు, అడ్రస్ చెప్పి, ‘లాయర్ మాట్లాడతారు’ అని పెట్టేయమనండి.

వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి కేసు అడిగే లాయర్ మనుషుల్ని దగ్గరికి రానివ్వొద్దు. టెక్సస్‌లో అది నేరం, బ్యారట్రీ అంటారు. అలా కుదిర్చిన ఒప్పందాన్ని రద్దు కూడా చేయించుకోవచ్చు. నంబరు, టైము రాసిపెట్టుకోండి. డెంటన్‌లోని యూఎన్‌టీలో (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్) స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉంది. ఇలాంటి ఆఫీసులు పర్సంటేజీ మీద నడిచే ఇంజురీ కేసులు సాధారణంగా తీసుకోవు కానీ, లాయర్ ఒప్పందం చదివి ఏ క్లాజు ఏంటో చెప్పించుకోవడానికి బాగా పనికొస్తాయి. పర్సనల్ ఇంజురీ ట్రయల్ లాలో టెక్సస్ బోర్డ్ సర్టిఫికేషన్ ఉన్నవాళ్లని వెతకండి, స్టేట్ బార్ సైట్‌లో కనపడుతుంది. అబ్బాయికి 18 దాటాయి కాబట్టి సంతకం అతనే పెట్టాలి, అమ్మానాన్నలో రూమ్మేటో పెడితే చెల్లదు.

ఇక ఫ్రెండ్ విషయం. ఇక్కడే మన పిల్లలు మొహమాటపడి పోగొట్టుకుంటారు. టెక్సస్‌లో జ్యూరీ తప్పుని శాతాల్లో పంచుతుంది. ట్రక్కు వాటా 50 శాతం దాటితే మొత్తం వాళ్ల దగ్గరే వసూలు చేసుకోవచ్చు. దాటకపోతే వాళ్ల వాటా మేరకే. ట్రక్కు లాయర్ ఎలాగూ ‘కారువాడిదే ఎక్కువ తప్పు’ అని వాదిస్తాడు. మీరు ఫ్రెండ్‌ని వదిలేస్తే ఆ శాతం డబ్బు గాలికి పోతుంది. అక్కడ చెల్లించేది ఫ్రెండ్ ఇన్సూరెన్సు, పాలసీ లిమిట్ వరకు అతని జేబులోది కాదు. కనీస పాలసీ అయితే ఒక మనిషికి 30,000, ప్రమాదానికి మొత్తం 60,000. ఆ పాలసీలో పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్ అనే కవరేజీ) రాతపూర్వకంగా వద్దనకపోతే, తప్పు ఎవరిదైనా సరే వెనక సీటువాళ్లకి కూడా కనీసం 2,500 దాకా వైద్యం ఖర్చు వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఇద్దరికీ ఒకే లాయర్ వద్దు. రేపు వీడి క్లెయిమ్ వాడి మీదికే వెళ్లాల్సి వస్తే ఆ లాయర్ ఇద్దరి పక్షానా నిలబడలేడు.

బెల్టు పెట్టుకున్నాడా అన్నది కూడా అడుగుతారు. 2015 నుంచి టెక్సస్ సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతిస్తోంది. పెట్టుకుని ఉంటే భుజం మీద బెల్టు గీసిన గుర్తు ఫొటో ఈరోజే తీయండి, వారంలో మాసిపోతుంది.

ఐ-20 సలహా

చదువు సంగతి. సెమిస్టర్ తనంతట తాను డ్రాప్ చెయ్యకూడదు. ముందు డీఎస్‌ఓ (ఎఫ్-1 స్టూడెంట్ల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) దగ్గర మెడికల్ రెడ్యూస్డ్ కోర్స్ లోడ్, అంటే అనారోగ్యం వల్ల కోర్సులు తగ్గించుకునే అనుమతి, ఆ తర్వాతే కోర్సు డ్రాప్. ఈ వరస తిరగబడితే స్టేటస్ పోతుంది. లెటర్ ఎండీ లేదా డీఓ (ఆస్టియోపతీ డాక్టర్) ఇవ్వాలి, కైరోప్రాక్టర్‌దీ ఫిజికల్ థెరపిస్ట్‌దీ చెల్లవు. ‘సర్జరీ అయింది’ అని రాస్తే చాలదు, ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు కోర్సు లోడ్ తగ్గించాలి’ లేదా ‘అసలు చదవకూడదు’ అని ఉండాలి. ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకే, ప్రతి సెమిస్టర్‌కీ మళ్లీ అనుమతి కావాలి.

క్యాంపస్ ఉద్యోగం పోతే పే స్టబ్‌లు ఇవ్వండి, జీతం నష్టం కిందికి వస్తుంది. బయట క్యాష్ పని చేసి ఉంటే మాత్రం దాన్ని క్లెయిమ్‌లో రాయకముందే లాయర్‌కి నిజం చెప్పాలి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడకుండా ఆ ఊసు కాగితం మీదికి రాకూడదు. మధ్యలో ఇండియా వచ్చేసినా కేసు ఆగదు, వాంగ్మూలం వీడియోలో ఇవ్వచ్చు.

కృష్ణాతీరం

చాలా థ్యాంక్స్ అండి. లాయర్ ఫీజు వచ్చినదాంట్లో మూడో వంతు అన్నారు, దావా వేస్తే 40 శాతం. అది మామూలేనా? హాస్పిటల్ వాళ్లేమో స్టూడెంట్ ఇన్సూరెన్స్ కార్డు తీసుకోకుండా లీన్ (వచ్చే పరిహారంలోంచి బిల్లు రాబట్టుకునే హక్కు) వేస్తామంటున్నారు. ఆ 5,000 చెక్కు కూడా ఇవాళే వచ్చేసింది.

డాలస్ లీగల్ డెస్క్

ఆ పర్సంటేజీ మామూలే. అడగాల్సింది ఖర్చులు తీశాక లెక్కిస్తారా, ముందా అని. ఉదాహరణకి 1,50,000 వచ్చి ఖర్చులు 7,000 అయితే, ముందు లెక్కిస్తే ఫీజు 50,000, తీశాక లెక్కిస్తే సుమారు 47,667. ఓడిపోతే ఖర్చులు ఎవరివో కూడా ఒప్పందంలో రాయించండి.

కార్డు కాపీతో పాటు, ఇన్సూరెన్స్‌కే బిల్లు వెయ్యమని హాస్పిటల్‌కి రాతపూర్వకంగా అడగండి. ఇన్సూరెన్స్ రేటు ప్రకారం తగ్గిన బిల్లుకీ, హాస్పిటల్ పూర్తి రేటుకీ చాలా తేడా ఉంటుంది. లీన్ వేసినా టెక్సస్ చట్టం ప్రకారం అది వచ్చిన మొత్తంలో సగం దాటకూడదు.

చెక్కు బ్యాంకులో వెయ్యకండి. వెనక సంతకం చోట, కవర్లో ఉన్న కాగితంలో ‘అన్ని క్లెయిములకూ పూర్తి పరిష్కారం’ అనే అర్థం వచ్చే వాక్యం ఉందేమో చూడండి. ఉంటే, డబ్బు తీసుకున్నాక ఆ కాలర్‌బోన్‌కి రేపు రెండో సర్జరీ పడినా అడగడానికి ఉండదు. రెండువైపులా, కవరు మీది పోస్టు తేదీతో సహా ఫొటో తీసి, అలాగే లాయర్ చేతికివ్వండి.