ఎండిన బోరును ఏసీకి వాడుకోవచ్చా? (బెంగళూరు)

అందరికీ నమస్కారం. సర్జాపూర్ వైపు ఇల్లు కట్టుకుంటున్నాం. సైట్లో పాత బోరు ఒకటుంది, చుక్క నీరు రావట్లేదు. మూత తీసి చిన్న రాయి వేస్తే ఎంతసేపటికో అడుగున ఠక్‌మంటుంది. దాన్ని గ్రౌండ్ సోర్స్ హీట్ పంప్‌కి (ఇంటి వేడిని బయటి గాలిలోకి కాక భూమిలోకి పంపే ఏసీ) వాడాలని నా ఆశ.

కొన్ని మీటర్ల లోతు దాటితే భూమిలో వేడి ఏడాదంతా పెద్దగా మారదు, బెంగళూరులో సుమారు 24, 25 డిగ్రీలు. ఏప్రిల్‌లో బయట 36 ఉన్నప్పుడు మామూలు ఏసీ ఇంటి వేడిని ఆ వేడిగాలిలోకే నెట్టాలి. ఇదైతే బోరులో దించిన యూ ఆకారపు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులో నీళ్లు తిప్పి, ఆ వేడిని చల్లటి రాతిలోకి వదులుతుంది. కంప్రెసర్‌కి శ్రమ తగ్గుతుంది.

చలిదేశాల్లో శీతాకాలం అదే వేడిని తిరిగి ఇంట్లోకి లాక్కుంటారు. మనకి హీటింగ్ అవసరమే లేదు కదా, నా టెన్షన్ అదే. ఏళ్లతరబడి వేడి దించుతూ పోతే చుట్టూ రాయి వేడెక్కిపోదా?

పైగా ఎండిన బోరులో పైపు చుట్టూ గాలే ఉంటుంది, గాలి వేడిని సరిగా అందించదు. అందుకే బెంటొనైట్ గ్రౌట్ (ఒకరకం బంకమట్టి ముద్ద) నింపాలి. నింపితే ఆ బోరు వాననీటి రీఛార్జికి ఇక పనికిరాదు. నాకు అదీ బాధే.

ఇక్కడగానీ చెన్నైలోగానీ పెట్టించినవాళ్లుంటే దయచేసి చెప్పండి: టన్నుకి ఎన్ని అడుగుల బోరు పట్టింది? రెండుమూడు వేసవులు గడిచాక పైపులో తిరిగొచ్చే నీటి వేడి పెరిగిందా?