బీట్ పల్ప్ నానబెట్టకుండా పెడుతున్నారు, ఊరుకోవాలా?

డాలస్_నాన్న:
మా అమ్మాయి గుర్రాన్ని ఊరి బయట ఒక శాలలో ఉంచాం. మేపడం, శుభ్రం చేయడం అన్నీ వాళ్లే. మొన్న ఆదివారం దాణా తింటూ తింటూ ఆగిపోయింది. మెడ చాపి గింజుకుంటోంది, రెండు ముక్కుల్లోంచీ దాణా కలిసిన నురగ కారుతోంది. డాక్టరొచ్చి మత్తిచ్చి, ముక్కులోంచి ట్యూబు వేసి నీళ్లతో కడిగితే గానీ అడ్డం కదల్లేదు. చోక్ అన్నారు, అంటే మేత అన్నవాహికలో అడ్డం పడటమట. బకెట్లో చూస్తే బీట్ పల్ప్ పెల్లెట్లు, పైన తడి, కింద పొడి. చక్కెర తీసేశాక మిగిలిన దుంప పిప్పి అది, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. పొడిగా తింటే పొట్ట పగిలిపోతుందంటున్నారు. నిజమేనా?

లాయం_రమ:
పొట్ట పగలడం ఉత్త పుకారండీ. నమిలేటప్పుడే బోలెడు లాలాజలం కలుస్తుంది, కడుపులోనూ తడే, పైగా మేత అక్కడ ఎక్కువసేపు నిలవదు. ముసలి గుర్రాల కోసం అమ్మే రెడీమేడ్ దాణాల్లో చాలావాటిలో బీట్ పల్ప్ ఉంటుంది, వాటిని పొడిగానే పెడతారు. మిషిగన్‌లో శాల నడుపుతున్నాను, ఇక్కడ చక్కెర దుంప చేలు కూతవేటు దూరం. ఆబగా మింగే గుర్రానికి ఓట్సూ అడ్డం పడతాయి. పళ్లు బాగాలేక సరిగ్గా నమలకపోయినా అంతే. పళ్లు చూపించారా?

డాలస్_నాన్న:
పొట్ట సంగతి వదిలేయండి. అడ్డం పడింది గొంతులో. పళ్ల మీదికి తోస్తారేంటి?

కృష్ణలంక_సూరి:
మా తాతగారికి జట్కా ఉండేది. ఉలవలు రాత్రే నానబోసి, పొద్దున ఉడకబెట్టి గుగ్గిళ్లు పెట్టేవారు. ఏ దాణా అయినా రాత్రంతా నానాల్సిందే.

లాయం_రమ:
సూరి బాబాయ్ గారూ, టెక్సాస్ ఎండలకు రాత్రంతా నానితే తెల్లారేసరికి పులుస్తుంది. వాసన తేడాగా ఉంటే పారబోయాల్సిందే. తురుములా వచ్చే పల్ప్‌కు రెండింతల నీళ్లు, గుళికల్లా వచ్చే పెల్లెట్లకు మూడు నాలుగింతలు. వేడినీళ్లు పోస్తే త్వరగా నానుతుంది. పిడికెడు తీసి నలపండి, మధ్యలో గట్టిగా పలుకు తగిలితే ఇంకా కాలేదన్నమాట.

కృష్ణలంక_సూరి:
ఎన్ని గంటలో చెప్పమ్మా. పలుకులూ పిడికిళ్లూ కాదు.

లీడ్స్_వాణి:
మా ఇంగ్లండ్‌లో మామూలు తురుముకు 12 గంటలు, పెల్లెట్లకు 24 అంటారు. పల్చటి రేకుల రకం ఒకటుంది, పది నిమిషాల్లో నానుతుంది. సంచీ మీద ఏముంటే అది.

కృష్ణలంక_సూరి:
చూశారా! 24 అన్నారు.

చుట్టపుచూపు:
గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మా నాయనమ్మ అనేది. ఇక్కడ దాణా కంటే డాక్టరు ఖర్చే ఎక్కువైంది.

డాలస్_నాన్న:
గంటలు కాదు నా బాధ. నెలనెలా డబ్బు కడుతున్నా. బకెట్లో నీళ్లు పోయడానికి కూడా ఓపిక లేదా?

లాయం_రమ:
ఓపిక మాటొచ్చింది కాబట్టి చెబుతాను. ఇరవై గుర్రాలు, ఒక్కోదానికి ఒక్కో దాణా. జనవరిలో నానబెట్టిన బకెట్ తెల్లారేసరికి మంచుగడ్డ. యజమానులు శనాదివారాలు వచ్చి, స్వారీ చేసి, ఫొటోలు దిగి, ఏమైనా అయితే మమ్మల్ని దొంగల్లా చూస్తారు. పోయినేడు ఒకాయన ఎండుగడ్డి బాగాలేదని అందరి ముందూ నన్ను కడిగేశాడు. ఆ గడ్డి ఆయన కొని తెచ్చిందే!

డాలస్_నాన్న:
నేను మీ శాలను అనలేదు కదండీ. మీరెందుకు ఉలిక్కిపడుతున్నారు?

లీడ్స్_వాణి:
ఇద్దరూ కాస్త నిదానించండి. నాన్నగారూ, అసలు పల్ప్ ఎవరు మొదలుపెట్టమన్నారు?

డాలస్_నాన్న:
అదే నా మంట! ఎవరూ అనలేదు. గడ్డి ధర పెరిగిందని కొంత తగ్గించి ఇది కలిపారట. మాతో ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే, ‘ఇన్నాళ్లూ తింటూనే ఉంది, ఏం కాలేదు’ అన్నారు. ఇన్నాళ్లూ అంటే ఎప్పట్నుంచి?

లాయం_రమ:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది. పల్ప్ మంచి పీచే, కొంత గడ్డికి బదులు పెట్టొచ్చు. కానీ కాల్షియం ఎక్కువ, ఫాస్ఫరస్ తక్కువ, విటమిన్లు దాదాపు లేవు, మిగతా దాణా దానికి తగ్గట్టు సర్దాలి. చెప్పకుండా మార్చడం మాత్రం తప్పే. నా దగ్గర దాణా మారిస్తే ముందు రోజే మెసేజ్ పెడతాను. మీ ఒప్పంద పత్రంలో దాణా గురించి ఏముంది?

డాలస్_నాన్న:
‘తగినంత మేత’ అని ఉంది. అంతే.

కృష్ణలంక_సూరి:
తగినంత నీళ్లు అని కూడా రాయించుకో బాబూ. 24 గంటలు.

పశువైద్య_విద్యార్థి:
ఒక్క మాట. చోక్ అప్పుడు దాణా ఊపిరితిత్తుల్లోకి జారితే తర్వాతి రోజుల్లో న్యుమోనియా రావచ్చు. జ్వరం చూస్తున్నారా? 101.5 ఫారెన్‌హీట్ దాటినా, దగ్గుతున్నా, ముక్కు వాసన వస్తున్నా డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి. ఈ వారం మెత్తటి తడి దాణా మాత్రమే.

లాయం_రమ:
పొద్దునా సాయంత్రం రెండు పూటలా చూడాలి.

డాలస్_నాన్న:
చూడాల్సింది మళ్లీ వాళ్లే కదండీ. పొద్దుటి పూట నేనే వెళ్తాను, సాయంత్రం మా అమ్మాయి. వేరే శాల దొరికేదాకా.